ఆయనకు రాని భాష

ల్యాబ్‌లో కాన్సర్ ప్రోటీన్ రక్తపరీక్ష చేసే ప్రతిసారీ నా మోకాలు దానంతటదే ఆడుతుంది. ఒక ముసలాయన నుంచి అంటుకున్న అలవాటది.

ఆ రోజు మలేషియాలో నేనెక్కిన పోర్ట్ క్లాంగ్ రైలు దారిలో ఆగిపోయింది. ఎదుటి సీట్లో ఆయన దగ్గుతూ, ఆగకుండా మోకాలు ఆడిస్తున్నాడు. నేను ల్యాబ్ కబుర్లు అమ్మతో ఫోన్‌లో తెలుగులో చెప్పి ముగించగానే, ఆయన భార్య తన ఫోన్ నా ముందు పెట్టింది.

“అమ్మాయ్, ఈయన రక్తం రిజల్టు. ఈ ప్రోటీను తగ్గినాదా? సెప్పు, ఈయనది తమిళం, మన మాట తెల్దు.”

ఊపిరితిత్తుల కాన్సర్ ముదిరేకొద్దీ తరచుగా పెరిగే ప్రోటీన్ అది. కిందటిసారి కంటే బాగా పెరిగింది.

“పెరిగినాది ఆంటీ. అయినా స్కాన్ సూడకుండా ఏటీ సెప్పలేం.”

ఆమె ఫోన్ సంచీలో పెట్టుకుంది. తర్వాత భర్త వైపు తిరిగి, తగ్గిందని తమిళంలో చెప్పింది. ఆయన నవ్వి తలూపాడు. మోకాలు మాత్రం ఆగలేదు.

రైలు కదిలి వాళ్ళ స్టేషన్ రాగానే ఆమె సంచీ తీసుకుని తలుపు వైపు నడిచింది. ఆయన నా సీటు పట్టుకుని లేచి, చెవి దగ్గరికి వంగి, కూడబలుక్కుంటూ అన్నాడు.

“నాకు తెలుగు తెలుస్తాదని దానికి సెప్పకమ్మా.”