ఎఫీ చెయ్యి లేచే చోట్లు

ఎఫీ గిల్‌క్రిస్ట్ ఎడింబరోలో అచ్చాఫీసులో చేరినప్పుడు పద్నాలుగేళ్లది. ఇప్పుడు నలభై ఆరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చడం ఆమె పని. ఆ పనిలోకి కొత్తగా ఆడవాళ్లను తీసుకోవడం మానేసి ఇరవై ఏళ్లయింది. మిగిలింది ఇద్దరే: ఎఫీ, ఈనా.

ఆమె ముందు అక్షరాలు పోసే గళ్ల పెట్టెలు, అంటే కేసులు, రెండుండేవి, ఒకదానిపైన ఒకటి. కింద ఇంగ్లీషు చిన్నక్షరాలు, పైన పెద్దవి, అంటే క్యాపిటల్స్. పెద్దక్షరం ఎక్కడ వేయాలో ఎవరైనా నియమం చెప్పారో లేదో ఆమెకు గుర్తు లేదు. మనిషి పేరు రాగానే చెయ్యి పైకి లేచేది. ఊరి పేరుకు లేచేది. ఆదివారానికి, దేవుడికి, వాక్యం చివరి చుక్క తరువాతి మాటకు లేచేది. 'నేను' అనే 'I'కి కూడా. ఎండాకాలానికి, రొట్టెకు లేచేది కాదు.

సోమవారం పాత కేసులు తీసేశారు. కొత్తది ఒకటే పెట్టె. చిన్నవి ఎడమన, పెద్దవి కుడిన. చోటు కలిసొస్తుందన్నాడు ఫోర్‌మన్ మక్రే.

మొదటి పేరుకు ఎఫీ చెయ్యి లేచింది. పైన ఏమీ లేదు.

"ఏమే, గోడకి దండం పెడుతున్నావా?" అంది పక్క బల్ల దగ్గరున్న ఈనా.

"నోర్ముయ్యవే. లెక్క తప్పుతోంది."

సాయంత్రం మక్రే ప్రూఫు తెచ్చాడు. చర్చి ప్రసంగం అది.

"ఏంటిది ఎఫీ? పాస్టరుగారి పేరు చిన్నక్షరం, ఆయన గొర్రె పెద్దక్షరం!"

"చెయ్యి దారి తప్పిందండీ."

"శుక్రవారం దాకా చూస్తా. అప్పటికీ ఇంతే అయితే కింద కాగితాలు మడతపెట్టే గదికి పో. ఈ చోటు ఓ మగాడికిస్తా."

మర్నాడు ఆమె చెయ్యిని అణచిపెట్టి, ఆలోచించి పేర్చింది. అది ఇంకా అధ్వాన్నం. రాజుకు పెద్దక్షరమా? ఏ రాజుకు? నదికి వద్దు, నది పేరుకు కావాలి. వెతికేకొద్దీ తల ఖాళీ. ఇంటికెళ్తూ దుకాణాల బోర్డులు చదివింది. అన్నీ పెద్దక్షరాలే. అవేమీ చెప్పలేదు.

గురువారం ఆలోచించడం మానేసింది. ప్రతి మాటకూ చెయ్యిని దాని ఇష్టానికి వదిలింది. అది గాల్లోకి లేస్తే, అక్కణ్ణించి కుడికి దించి పెద్దక్షరం తీసింది. లేవకపోతే ఎడమనుంచి చిన్నది.

"ఇదేం కవాతే తల్లీ! నా టోపీ ఎగిరిపోతోంది," అంది ఈనా.

శుక్రవారం మక్రే ప్రూఫు రెండుసార్లు చదివాడు. ఒక్కచోట వేలు ఆపాడు.

"వసంతం చిన్నదేం? పాస్టరుగారు పెద్దగా రాశారే."

"దానికి చెయ్యి లేవలేదండీ."

మక్రే పాత పైకేసు ఉండే చోట ఖాళీ గోడకేసి చూశాడు.

"సరే, నీ చెయ్యే ఒప్పు. నీ చోట్లోనే ఉండు. పక్కవాళ్లకి తగలకుండా ఊపు."

ఈనా తన బల్లను జానెడు అవతలికి జరుపుకుంది. నియమం ఏమిటో ఎఫీకి ఇప్పటికీ తెలియదు. ఎవరైనా అడిగితే, ఆగి, తన చేతికేసి చూస్తుంది.