ఫ్యాను చప్పుడు తీయబోతే

2023 వేసవి. నంద్యాల బస్టాండుకు దగ్గర్లో నాది చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. వారానికొకసారి ఆళ్లగడ్డ వెళ్లి అక్కడి బడుల్లో, ఇళ్లలో సిస్టమ్‌లు చూసి వస్తుంటాను. నిజం చెప్పాలంటే మిషను చెడిపోయి నా దాకా వచ్చేవి తక్కువ. జనం చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కి తెచ్చుకున్న చెత్తను ఏరడంతోనే ఎక్కువ రోజులు గడిచిపోతాయి. ఆ రోజు కూడా అలాంటి పనులే ముగించుకుని, ఎండకు తల పగిలిపోతుంటే, ఆళ్లగడ్డలో తిరుగు బస్సు కోసం నిలబడి ఉన్నాను. సంతోషమ్మ గారు ఫోన్ చేశారు.

సంతోషమ్మ గారు, ఆమె భర్త ఏసురత్నం సారు ఇద్దరూ రిటైరైన టీచర్లు. సారు ఏళ్ల తరబడి చర్చిలో పాటల బృందాన్ని నడిపారు. సొంతంగా పాటలు కట్టి, హార్మోనియం వాయిస్తూ పాడేవారు. ముందు ఏడాది గొంతులో క్యాన్సర్ అని తేలి, కర్నూలులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పటి నుంచి ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపిస్తారు.

"మౌలాలీ, యాడుండావప్పా? కంప్యూటర్ తెరిస్తే సాలు ఏందేందో వస్తాంది. ఒకసారి వచ్చి పో."

"వచ్చే వారం చూద్దామా అమ్మా? బస్సు వచ్చేస్తాంది."

"ఈడ ఈయన పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు."

బస్సు వదిలేసి వాళ్లింటికి నడిచాను.

తెర మీద ఎర్రటి అక్షరాలు. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే శుభ్రం చేయించుకోండి అని ఒకటే మోత. బ్రౌజర్ తెరిస్తే ఎవరిదో తెలియని సెర్చ్ పేజీ. దాని నెత్తిన టూల్‌బార్లు, అంటే అక్కర్లేని బొత్తాల వరసలు. ఆపరేషన్‌కు ముందు రికార్డు చేసి పెట్టుకున్న పాటలు సరిచేసుకోవడానికి సారు ఒక ట్రయల్ సాఫ్ట్‌వేర్ దించుకున్నారట. ట్రయల్ అంటే కొన్నాళ్లు ఊరికే వాడి చూడమని ఇచ్చేది. తయారుచేసిన వాళ్ల సైటులో కాకుండా దారినపోయే సైటులో దించుకుంటే, దాని వెంట మనం పిలవనివి కూడా వచ్చి కూర్చుంటాయి. వాటినే బండిల్ అంటాం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ అన్నదాన్ని ఎంచుకుంటే, ముందే టిక్కులు పెట్టిన గళ్లు కనిపిస్తాయి. అక్కర్లేనివి అక్కడే తీసేయొచ్చు. ఎవరూ అటు పోరు. చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది.

"వీధి చివర షాపాయన ఫార్మాట్ కొట్టేయమన్యాడు. కొట్టేయప్పా, పీడా పోతాది," అన్నారు సంతోషమ్మ గారు.

ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం. నాకూ అదే తేలిక.

"లోపల ముఖ్యమైనవేమన్నా ఉండాయా అమ్మా?"

"ఏముంటాయిలే, అన్నీ పాతవే."

మూల కుర్చీలో కూర్చున్న సారు అరచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టారు. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పలక అందుకుని ఒక్క మాట రాశారు: పాటలు.

"అవి చర్చిలో కూడా ఉంటాయి కదా," అన్నారామె. సారు తల అడ్డంగా ఊపారు.

ముందు పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. తర్వాత ఒక్కొక్క దాన్నే అన్‌ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టాను. ఒకటి నిజంగా తీసేయమంటారా అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. ఇంకొకటి పోయినట్టే పోయి, సిస్టమ్ ఆపి తెరిచేసరికి తిరిగి వచ్చి కూర్చుంటుంది. నడుము పట్టేసింది. పొద్దు వాలేసరికి తెర శుభ్రపడింది.

సరిగ్గా ఉన్నాయో లేదోనని పాటలు వినిపించాను. అన్నీ బాగున్నాయి, చివరిది తప్ప. అది సారు సొంతంగా కట్టిన పాట. మంచి బరువైన గొంతు. చరణం మధ్యలో ఉన్నట్టుండి ఒక ఆడమనిషి ఇంగ్లీషులో ఇది ట్రయల్ వెర్షన్ అని చెప్పింది. కాసేపటికి మళ్లీ చెప్పింది. సారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు.

తర్వాత పలక మీద రాసి చూపిస్తే అర్థమైంది. రికార్డింగులో వెనక ఫ్యాను చప్పుడు ఉందని, అది తీసేయడానికి ఆ సాఫ్ట్‌వేర్ తెచ్చుకున్నారు. సరిచేసి అదే పేరుతో సేవ్ చేశారు. అసలుది పోయింది, ఆ ఆడగొంతు కలిసినది మిగిలింది.

"ఆ సాఫ్ట్‌వేర్ కొంటే పోతాదా?" అన్నారు సంతోషమ్మ గారు.

"పోదమ్మా. పాటలో కలిసిపోయింది. ఇంకొకటి యాడన్నా ఉందా?"

"చాగలమర్రిలో మా చెల్లెలికి పంపింటిమి. ఆ ఫోను పగిలిపాయ." "మళ్లా పాడుకుందామంటే..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

చెరిగిపోయిన ఫైళ్లను వెతికే పద్ధతులన్నీ చేసి చూశాను. దొరకలేదు. సిస్టమ్ ఆపబోతుంటే సారు పలక చూపించారు: కోసెయ్.

"ఆ ముక్క కోస్తే అక్కడ మీ గొంతు కూడా పోతాది సార్."

ఆయన చేత్తో తుడిచి మళ్లీ రాశారు: ఖాళీ ఉంచు. వాళ్లకు వచ్చు.

"ఎవురికి?" అన్నాను.

"చర్చోళ్లకు," అన్నారు సంతోషమ్మ గారు నెమ్మదిగా. "ఈ పాట అందరికీ నోటికొచ్చు."

ఆ చోట్లన్నీ నిశ్శబ్దం పెట్టి, పాట పొడవు తగ్గకుండా ఇచ్చాను. ఆదివారం రమ్మని పిలిస్తే వెళ్లి చర్చి వెనక నిలబడ్డాను. స్పీకర్ పక్కన సారు నిలుచున్నారు. ఆయన గొంతు హాలంతా నిండి, చరణం మధ్యలో ఆగిపోయింది. సారు చెయ్యి పైకెత్తారు. మొదట కొందరే అందుకున్నారు, అదీ ఆలస్యంగా, తడబడుతూ. మళ్లీ ఆయన గొంతు వచ్చింది. తర్వాతి ఖాళీకి ఆయన చెయ్యి లేవకముందే హాలంతా పాడింది. సారు పెదవులు కదులుతూనే ఉన్నాయి. సంతోషమ్మ గారు మాత్రం పాడలేకపోయారు.

చెత్త ఏరే పని ఇప్పటికీ అంతే ఉంది, తగ్గలేదు. అయితే ఏ ఇంటికి వెళ్లినా, నాకు ఫోన్ చేసిన మనిషి ఏమీ లేవు తుడిచెయ్ అంటే మాత్రం పని మొదలుపెట్టను. ఆ సిస్టమ్ ముందు రోజూ కూర్చునేది ఎవరో కనుక్కుంటాను. వాళ్లు నిద్రపోతుంటే లేచేదాకా, బడికి పోయి ఉంటే వచ్చేదాకా ఆగుతాను. ఎన్నో బస్సులు అలా తప్పిపోతుంటాయి.