ఖండే నవమి వరుసలో సైకిలు

నా సైకిలు సీటు కింది గొట్టం కార్బన్‌ది. ఈ మాట చెప్పే ముందు నేను గొంతు సవరించుకుంటాను. దుకాణంలో దాన్ని నా చేతిలో పెట్టినప్పుడు, పెట్టారో లేదో తెలియక రెండుసార్లు అరచేతిలోకి చూసుకున్నాను. మా నేతగాళ్ల దాజీ పేట్ దోమలు రెండు కలిస్తే ఎత్తుకుపోగలవు, అంత తేలిక.

"ఇది లోహం కాదు సేఠ్‌జీ, నేసిన దారం. దానికి జిగురు పట్టించి గట్టిపరుస్తారు" అన్నాడు దుకాణదారు. ఇంకేముంది, పడిపోయాను. తాతల నాటినుంచి చద్దర్లు నేస్తున్న ఇంటివాడితో "నేసినది" అన్నాక వాడు మళ్లీ ఆలోచిస్తాడా? ఇంటికి తెచ్చి, పోగులు లెక్కపెట్టే భూతద్దం పెట్టి చూశాను. ఏటవాలు నేత. ఒక్క పోగు తప్పలేదు. నేనే నేసినంత గర్వంగా భార్యను పిలిచి చూపించాను.

ఆమె బీడీల చాట ముందు నుంచి లేవలేదు. "నేసిందైతే చినుగుతది" అంది, ఆకు కత్తిరిస్తూనే.

ఆ రోజే పందెం పడింది. దసరాకు ఇంకా నెల ఉంది. దానికి ముందురోజు ఖండే నవమి. మా పేటలో ఆ రోజు అన్నం పెట్టే పనిముట్లకు పూజ. మా మరమగ్గాలు, నాడెలు, పానాలు, నా భార్య బీడీ కత్తెర, అన్నీ కుంకుమ పెట్టించుకుని వరుసగా కొలువుతీరుతాయి. ఆ వరుసలో సైకిలుకూ చోటివ్వమన్నాను.

"గీడ కూసునేటివన్ని పని జేస్తయి. నీ సైకిల్ ఏం జేస్తది?"

"తుల్జాపూర్ పోయి వస్తది."

"మంచిది, పోయి రానీ. వస్తే కుంకుమ వెడ్త. రాకుంటే భంగారోనికిస్త. నువ్వు పొద్దుగాల మా తమ్మునితోని నడువు."

పాత సామాన్లవాడి బండంటే నాకు భయం లేదు. భయమల్లా బామ్మర్దితోనే. అతను నడుస్తూ ఒక్కో కరెంటు స్తంభం దగ్గర ఆగి, తన షుగరు ఏ పూట ఎంత ఉందో వర్ణిస్తాడు. మా వీధిలో స్తంభాలు చాలా ఉన్నాయి. అమ్మవారి గుడి ఉన్న తుల్జాపూర్ నలభై అయిదు కిలోమీటర్లు, చివర్లో ఘాట్, అంటే కొండదారి, ఎక్కాలి. నాకు యాభై దాటాయి, పొట్ట నాకన్నా అరగంట ముందు గమ్యం చేరుతుంది. అయినా సరే, పోయి రావాల్సిందే అనుకున్నాను.

సైకిలును మగ్గాల షెడ్డులో పెట్టాను. గొలుసుకు మగ్గాల నూనె డబ్బా వంచి, మగ్గం తాగేంత నూనె తాగించాను. మగ్గాలు నడిచే షెడ్డులో పొద్దస్తమానం దూది మంచులా కురుస్తుందన్న సంగతి పుట్టినప్పటినుంచీ ముక్కుతో పీలుస్తున్న నాకు తట్టలేదు. వారం తిరిగేసరికి గొలుసుకు ఊలు మొలిచింది. గేర్లు మార్చే విదేశీ పరికరం ఆ దూదిని మేకలా నమిలి, నేను బయలుదేరి ఊరు దాటకముందే నోరు మూసుకుని బిగుసుకుపోయింది. సైకిలును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆటోలో ఇల్లు చేరాను.

"తుల్జాపూర్ ఇంత దగ్గరికొచ్చిందా?" అంది నా భార్య.

రెండోసారికి మా మగ్గాలు బాగుచేసే జాబర్ కాకాను పిలిచాను. మా నాన్న కాలం మనిషి. ఆయన చేయి పడితే చచ్చిన మగ్గం లేచి చద్దర్ నేస్తుంది. గొలుసు కడిగాడు. సీటు కొద్దికొద్దిగా కిందికి జారుతోందన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని గొట్టం మీది అక్షరాలు చదివాడు.

"అయిదు అని రాసున్నది శేట్. అయిదు సుట్లు తిప్పాలె."

మగ్గం మీద బోల్టు గంటలో సడలుతుంది. అందుకే అది అరిచేదాకా బిగించడం మాకు మతం. కాకా పానాకు బారెడు పైపు తొడిగి, కాలు గోడకు తన్నిపెట్టి, గొట్టాన్ని పట్టే బోల్టును తిప్పాడు. నాలుగో చుట్టులో "చిట్" మంది.

"ఏంది కాకా ఆ సప్పుడు?"

"పట్టు దొరికింది శేట్!"

ఆ పట్టు నన్ను ఘాట్ మొదటిదాకా మోసింది. అక్కడ గొట్టం టప్పుమని విరిగి, నన్ను వెనక చక్రానికి పరిచయం చేసింది. మేకలు ఎక్కిన టెంపోలో తిరిగొచ్చాను. దారిపొడుగునా ఒక మేక నా సీటును జాలిగా నాకుతూనే ఉంది.

దుకాణదారు ముక్కలు చూసి తల పట్టుకున్నాడు. "అయిదంటే ఎంత బలంతో బిగించాలో ఆ కొలత సేఠ్‌జీ. ఏనుగుతో బిగించారా?" కొత్త గొట్టం దసరా తర్వాతే వస్తుందన్నాడు. ఇంటికొచ్చి విరిగినచోట భూతద్దం పెట్టాను. పోగులు చినిగిన చద్దర్ అంచులా లేచి ఉన్నాయి. సిగ్గేసింది. ఎంత గట్టి బట్టయినా ఒక్కచోట నొక్కిపెట్టి నలిపితే అక్కడే తెగుతుందని ఈ ఇంట్లో పసిపిల్లకైనా తెలుసు. నేసినదని మురిసిపోయి కొన్నాను, కాకా బిగించేటప్పుడు మాత్రం ఇనుమని నమ్మాను.

వీధిలో "భంగార్!" అన్న కేక వినిపించింది. నా భార్య నావైపు చూసింది. "పిలువాల్నా?"

"ఆగు. నవమికి ఇంక నాలుగు దినాలున్నయి."

మర్నాడు కాకా తల వంచుకుని వచ్చాడు. చంకలో ఇనుప కడ్డీ. మూలపడిన మగ్గం ఇరుసును లేతు మీద మా సైకిలు కొలతకు చెక్కించాడట. పైన మా నాన్న పాత సైకిలు స్ప్రింగుల సీటు బిగుసుకునేలా సన్నం చేయించాడు. దాన్ని ఎత్తగానే భుజం కీళ్లు బంధువుల్లా ఒక్కొక్కటే పలకరించాయి. ఈసారి పైపు లాక్కుని దాచేసి, పానా నేనే పట్టాను. గొలుసును కిరసనాయిలుతో కడిగి, లంకెకొక్క చుక్క వేసి, మిగిలింది తుడిచేశాను. సైకిలు చద్దర్ కప్పుకుని నా మంచం పక్కనే పడుకుంది.

అష్టమి తెల్లవారుజామున బయలుదేరాను. దారంతా చెప్పుల్లేకుండా నడిచిపోయే భక్తులు. ఘాట్ మీద నా వేగానికి ఒక ముసలమ్మ నడుస్తూనే నన్ను దాటింది. వెనక్కి తిరిగి, తోయాలా బాబూ అని మరాఠీలో అడిగింది.

"నకో ఆజీ" అని వద్దన్నాను. ఆ రెండు మాటలకే రెండు మలుపుల ఊపిరి ఖర్చయింది.

తొడలు బతిమాలాయి, పొట్ట హ్యాండిల్‌తో కుస్తీ పట్టింది. స్ప్రింగులు కిర్రుమన్నాయి గానీ కడ్డీ కిమ్మనలేదు. కాలు నేల మీద పెట్టలేదు. గుడి మెట్ల దగ్గర దిగినప్పుడు మోకాళ్లు ఎటు వంగాలో మరచిపోయాయి. అమ్మవారికి దండం పెట్టి, కుంకుమ పొట్లం జేబులో వేసుకుని, ఏ బండీ ఎక్కకుండా వచ్చిన దారినే తొక్కుకుంటూ ఇల్లు చేరాను.

నవమి పొద్దున మగ్గాల పక్కన సైకిలు నిలబడింది. కాకా కూడా స్నానం చేసి, పంచె కట్టుకుని వచ్చాడు. నా భార్య తుల్జాపూర్ కుంకుమ తీసి మగ్గాలకు పెట్టింది, కత్తెరకు పెట్టింది, వంగి ఇనుప కడ్డీకి పెట్టింది. తర్వాత చేయి దులుపుకుని లేచింది.

"మరి మిగిలిన సైకిల్‌కు?" అన్నాను.

"గది ఇంకా కొత్తది. ఒక ఏడాది తొక్కు, సూద్దాం."