పసుపు పెట్టిన రీలు

బొటనవేలితో పని లేని గాలం రీలు ఒకటి వచ్చిందన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా ఊళ్ళో కుట్టుమిషన్లు బాగుచేసే సాయిబు గారు. వాళ్ళ నాన్నగారు ఇంటింటికీ తిరిగి దూది ఏకేవారు, పరుపులు కుట్టేవారు. ఈయన మిషన్ల పనిలోకి దిగారు. నన్ను చెల్లెమ్మా అంటారు, ఆ లెక్కన మా వారిని బావా అంటారు. నేను దీపానికి వత్తులు చేసుకునే దూది ఈనాటికీ వాళ్ళింటి నుంచే వస్తుంది.

ముందు బొటనవేలి సంగతి చెప్పాలి. మా వారికి మిరప, పత్తి కాక మరో ధ్యాస ఉందంటే అది కొరమీను. ఆయన వాడే రీలు గాలం కర్ర మీద కూర్చుంటుంది. దారం కొసన రబ్బరు కప్పను కట్టి విసరగానే, దారం చుట్టిన చక్రం గిర్రున తిరుగుతూ దారాన్ని వదులుతుంది. గాలిలో కప్ప నెమ్మదించినా చక్రం నెమ్మదించకపోతే దారం పొంగి, చిక్కుపడి, సవరంలా ఉండ కట్టుకుంటుంది. అలా కాకుండా విసిరినంతసేపూ చక్రం అంచున బొటనవేలు మెత్తగా ఆనించి ఉంచాలి. ఆ వేలే బ్రేకు. మా వారి బొటనవేలు కాలువ గట్టున పేరు మోసినది. పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి నిలబడి చూసేవారు.

ఆయనకు చిన్న పక్షవాతం వచ్చింది. నేను అమరేశ్వరుడికి మొక్కుకున్నాను, ఈయన లేచి తిరిగితే జన్మలో చేప ముట్టనని. స్వామి లేపి నడిపించాడు. మాట వచ్చింది, నడక వచ్చింది, చెయ్యి పైకి లేచింది. కుడి బొటనవేలికి మాత్రం స్పర్శ రాలేదు. ఇడ్లీ చల్లారిందో లేదో చూపుడు వేలితో చూసుకునేవారు. రెండుసార్లు కాలువకు వెళ్ళి రెండుసార్లూ చిక్కుపడిన దారంతో తిరిగి వచ్చారు. మూడోసారి గాలం కర్ర అటక ఎక్కింది. ఆ తర్వాత పొద్దున్నే వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. కాఫీ ఇచ్చినప్పుడు ఏ పేజీ ఉందో, గ్లాసు తీయడానికి వెళ్ళినప్పుడూ అదే పేజీ. నాకు ఇంత మేలు జరిగాక ఇంకా అడగడం ఆశపోతుతనమే. అయినా రోజూ దీపం ముందు ఆ వేలి గురించి కూడా ఒక మాట చెప్పుకునేదాన్ని.

అప్పుడు వచ్చారు సాయిబు గారు, చంకలో ఒక పెట్టెతో.

“బావా, ఈ రీల్లోనే చిన్న కంప్యూటరు పెట్టారంట. చక్రం తిరిగితే దానికదే కరెంటు పుట్టించుకుని, దానికదే బ్రేకు వేసుకుంటదంట. బ్యాటరీ లేదు, చార్జింగు లేదు.”

“నా వేలు పోయిందని ఊరంతా చాటింపు వేశావా ఏంటి?”

“పోవడమేంటి బావా, సెలవు పెట్టింది. వచ్చిందాకా దీంతో నడుపు.”

“నేను ముట్టుకోను. కావాలంటే మీ చెల్లెల్ని పరీక్ష చేసుకోమను.”

ఆయన వెటకారానికి అన్నారు. నేను ఆజ్ఞగా తీసుకున్నాను. పట్నంలో సాయిబు గారి బంధువు కొట్టు నుంచి వచ్చిన రీలది, నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ పది రోజుల్లో దాని మంచీ చెడూ తేల్చే బాధ్యత, జన్మలో గాలం పట్టని, చేప మానేసిన నా మీద పడింది.

నన్ను బడికి పంపలేదు. మా పెద్దనాన్న అరుగు మీద కూర్చోబెట్టి తెలుగు, ఎక్కాలు, కాస్త ఇంగ్లీషు అక్షరాలు చెప్పారు. ఆ పుణ్యాన పెట్టెలోని చిన్న పుస్తకాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. పక్కన ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలున్న మీట ఉంది. ఒకటికి బ్రేకు తక్కువ, నాలుగుకు ఎక్కువ. విసిరినప్పుడు లోపలి నుంచి సన్నగా కూత వస్తే అది పనిచేస్తున్నట్టు. ఇంతవరకు చదివేసరికి నాకే ముచ్చటేసి, చివరి పేజీ చదవకుండా మూసేశాను. నా చదువు ఎప్పుడూ ఇంతే, సగంలో సంతోషం వచ్చేస్తుంది.

మర్నాడు శుక్రవారం. కొత్త వస్తువు ఇంటికొస్తే ఏం చేస్తామో మీకు చెప్పక్కర్లేదు. మా ట్రాక్టరుకు పెట్టాం, మందు కొట్టే యంత్రానికి పెట్టాం, మిక్సీకి కూడా పెట్టాను. రీలును కడిగిన పీట మీద ఉంచి, పసుపు తడిపి, పైన మూడు బొట్లు పెట్టి కుంకం అద్దాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అసలు తిరిగేది చక్రం కదా, దానికి పెట్టకుండా పై డబ్బాకి పెడితే ఏం లాభం అని, ఆ చక్రం రెండు అంచులకూ ధారాళంగా పట్టించాను. హారతి ఇచ్చి కళ్ళకద్దుకుని అటక మీంచి కర్ర దించాను.

కాలువ కావాలంటే పొన్నూరు వైపు వెళ్ళాలి. నా పరీక్షకు ఇంటి ముందరి మా మిరప కల్లం చాలనుకున్నాను. కప్ప బదులు దారానికి ఇనప నట్టు కట్టాను. నూట ఎనిమిది సార్లు విసిరితే గాని తీర్పు చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. నియమం లేనిదే నాకు చెయ్యి ఆడదు.

మొదటి విసురుకు నట్టు నా వెనకే పడింది. రెండోది చింతచెట్టు కొమ్మకు చుట్టుకుంది. రంగు పోయిన తాలు కాయలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

“పెద్దమ్మా, కాయలకి గాలం వేస్తన్నావా? మాకు చెబితే చేత్తో తీసిస్తాం గదా,” అంది ఒకావిడ.

“నవ్వమాకే, పెద్దాయన పనంతా ఆమె మీద పడింది,” అంది ఇంకొకావిడ, తను మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ.

మూడో రోజుకు నట్టు ముందుకు వెళ్ళడం నేర్చుకుంది. పశువుల పాక దాకా వెళ్ళేది. కానీ మూడు విసుర్లకు ఒకసారి దారం ఉండ కట్టేది. మీట నాలుగులో పెట్టినా అంతే. నేను రామనామం రాసుకునే పుస్తకం చివరి పేజీలో ఫలితాలు వేశాను. దూరం: పాక దాకా. చిక్కు: పడింది. కూత: వినపడలేదు, నా చెవి లోపం కావచ్చు.

తొమ్మిదో రోజు, అరవయ్యో విసురో అరవై ఒకటో, నట్టు ఎండబోసిన మిరపకాయల్లోంచి ఈడ్చుకుంటూ వచ్చింది. ఆ దారం చిక్కు తీశాను, తీసిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. ఈ నేల మీద పుట్టి పెరిగిన మనిషి చేయాల్సిన పని కాదది. కళ్ళు భగ్గుమన్నాయి. కల్లం మధ్యలో కూర్చుని ధారగా నీళ్ళు కారుస్తున్నాను. వరండాలోంచి ఇదంతా పేపరు పక్కనుంచి చూస్తున్న మా వారు చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చారు. తన కోసం ఏడుస్తున్నాననుకున్నారు.

“ఊరుకోవే. నా వేలి కోసం ఇంత ఏడుపా?”

మిరపకాయ అని చెప్పాలి. కానీ ఎన్నో నెలలకు ఆయన అంత మెత్తగా మాట్లాడారు. భగవంతుడు క్షమించాలి, నేను చెప్పలేదు.

“పనికిరాదా అది?” అన్నారు రీలు వంక చూస్తూ.

“పనికిరాదండీ,” అన్నాను, నూట ఎనిమిది పూర్తి కాకుండానే.

“సరే, పంపించెయ్యి.” చెంబు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. పేపరు కూడా తీసుకోలేదు. రీలు బాగుంటుందేమోనని ఆయనా ఆశపడ్డారని నాకు అప్పుడు తెలిసింది. దాన్ని నా నోటితోనే కాదన్నానే అని మనసు కలుక్కుమంది.

పదో రోజు పొద్దున సాయిబు గారు రీలు తీసుకెళ్ళడానికి వచ్చారు. గడప మీద కూర్చుని దాన్ని వెలుతురుకు పట్టి, కళ్ళు చికిలించి, అటూ ఇటూ తిప్పారు. చక్రాన్ని వేలితో ఒక తోపు తోశారు. అర చుట్టు తిరిగి ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

“చెల్లెమ్మా, దీనికి బొట్టు పెట్టావా?”

“పెట్టకుండా ఎట్లా అన్నయ్యా?”

“ఎక్కడ పెట్టావు?”

చెప్పాను. ఆయన రీలును ఒళ్ళో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. “బావా, ఒకసారి ఇటు రా. లోకమంతా చేపని పట్టుకున్నాక పసుపు రాస్తది. మా చెల్లెలు ముందే రాసేసింది, అదీ చేపకి కాదు, రీలుకి.”

విషయం ఇదీ. తడి పసుపు చక్రానికీ డబ్బాకూ మధ్య సందులోకి దిగి, ఎండి, పట్టేసింది. విసిరితే చక్రం పట్టి పట్టి తిరిగేది. నిండుగా తిరిగితేనే లోపల కరెంటు పుడుతుంది. కరెంటు పుడితేనే బ్రేకు పడుతుంది. నేను ఇన్నాళ్ళూ పరీక్షించింది రీలును కాదు, నా పసుపును.

సాయిబు గారు రీలు పక్క మూత విప్పి, మిషన్ నూనె అడిగారు. తుడవడానికి నా వత్తుల డబ్బా తెచ్చిచ్చాను. “అంచున పచ్చగా ఏమన్నా మిగిలిందా, చూసి చెప్పమ్మా. నాకు మసకగా ఉంది,” అన్నారు. ఆయన కళ్ళలో శుక్లాలు ముదిరాయి. పసుపును చూసి కాదు, వాసనతో పట్టారని అప్పుడు అర్థమైంది. నేను చూపించిన చోటల్లా ఆయన వత్తితో తుడిచారు. దీపంలో వెలగాల్సిన పదకొండు వత్తులు అలా పసుపెక్కాయి. అవీ దేవుడి పనికే వెళ్ళాయని నా నమ్మకం.

తర్వాత ముగ్గురం కల్లంలోకి వెళ్ళాం, నేను విసిరాను. సన్నగా, తుమ్మెద ఎగిరినట్టు కూత వినిపించింది. నా చెవిలో ఏ లోపమూ లేదు. నట్టు పాక దాటింది. అయితే నట్టు నేలను తాకిన క్షణంలో దారం కొద్దిగా వదులై పొంగింది. అప్పుడు వెళ్ళి పుస్తకం తెచ్చి చివరి పేజీ పైకి చదివాను. నీటిని తాకే ముందు మాత్రం బొటనవేలితో ఆపాలని అక్కడ స్పష్టంగా ఉంది. బొటనవేలితో పని లేని రీలుకు కూడా చివర్లో ఆ వేలే కావాలి.

మా వారి ముఖం చూడలేక నేను విసురుతూనే ఉన్నాను. మొత్తానికి దారి దొరికింది. రీలు పిడిని ఒక్క పిసరు తిప్పితే టక్కుమని పళ్ళు పట్టుకుని చక్రం ఆగిపోతుంది. పిడి ఎడమ చేతి వైపు ఉంది. ఆయన ఎడమ చేతికి ఏ జబ్బూ లేదు.

“కుట్టుమిషన్ ఆపడానికి పక్క చక్రం మీద చెయ్యి వేస్తాం చూడండి, అట్లా,” అన్నాను.

“నాకు గాలం నేర్పుతున్నావా నువ్వు?” అన్నారు మా వారు. అని, కర్ర నా చేతిలోంచి లాక్కున్నారు.

ఆ సాయంత్రమే ముగ్గురం ఆటోలో కాలువకు వెళ్ళాం. మొదటి విసురుకు బొటనవేలు అలవాటుగా చక్రం మీదికి వెళ్ళింది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టారు, పెద్దవాళ్ళను మర్యాదగా పక్కన కూర్చోబెట్టినట్టు. రీలు కూసింది. కప్ప నాచు అంచున పడబోతుండగా ఎడమ చేత్తో పిడి తిప్పారు. దారం పొంగలేదు. సాయిబు గారు, “ఎక్కడ పడింది బావా?” అని అడిగారు. ఆయనకు అంత దూరం కనపడదు.

ఆ రోజు చేప పడలేదు. నాలుగో రోజు పడింది. వండాను, తినలేదు, ఉప్పు చూడలేదు కాబట్టి ఉప్పు ఎక్కువైంది. ఇద్దరూ వంక పెడుతూనే గిన్నె ఖాళీ చేశారు.

రీలు వెనక్కి పంపలేదు, పంపినా తీసుకోరు. దాని అంచున పచ్చటి మరక పోలేదు. మా వారి బొటనవేలు ముడి బిగించలేదు, సాయిబు గారి కన్ను దారం చూడలేదు. అందుకని కప్ప కట్టే పని నాకు పడింది. చేప మానేసిన మనిషిని, వారానికి రెండు రోజులు కాలువ గట్టున కూర్చుని కొరమీనుకు ముళ్ళు వేస్తున్నాను. అమరేశ్వరుడికి నవ్వు వస్తూనే ఉంటుంది.

సాయిబు గారి కళ్ళకు త్వరలో ఆపరేషన్. బావ విసిరిన కప్ప ఎక్కడ పడిందో తన కళ్ళతో చూడాలని ఆయన కోరిక. మీరు దీపం పెట్టేటప్పుడో, నమాజులోనో, ప్రార్థనలోనో ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. రీలు తెచ్చిన సాయిబు అనుకుంటే చాలు, చేరాల్సిన చోటికి చేరుతుంది.