జాతర రోజు హాజరు

మా కంపెనీకి ఆదోనిలో జిన్నింగ్ మిల్లు, ఎమ్మిగనూరు రోడ్డులో పత్తి గోదాము ఉన్నాయి. లా డిపార్ట్‌మెంట్ కూడా ఉంది. తలుపు మీద బోర్డు ఘనంగానే ఉంటుంది గానీ, లోపలికి తొంగి చూస్తే నేనొక్కణ్ణే కనిపిస్తాను. నాకు తోడు కేసుల ఫైళ్లు. ఎంత తుడిచినా పత్తి దుమ్ము వాటి మీదే వచ్చి కూర్చుంటుంది. అవి కదిలేవి కావని దానికి కూడా తెలుసనుకుంటాను.

ఆ ఫైళ్లలో లోకం తలకిందులయ్యే వ్యవహారం ఒక్కటీ లేదు. లారీ గుద్దిన గోడ, వానకు తడిసిన పత్తి బేళ్ల ఇన్సూరెన్సు, ఉద్యోగం పోయిన వాచ్‌మన్ వేసిన కేసు, ఇలాంటివే. కానీ అన్నిటికీ లాయర్లు ఉన్నారు, లాయర్లందరికీ బిల్లులు ఉన్నాయి. పత్తి ధర బాగా దెబ్బతిన్న ఏడాది మా ఎం.డి. నన్ను తన గదిలోకి పిలిచాడు.

"మిషన్ల రిపేర్ల కంటే లాయర్ల ఫీజే ఎక్కువయ్యిందప్పా," అన్నాడు. "మిషనన్నా పత్తిలోంచి గింజ తీస్తాది. ఈ కేసులు ఏం తీస్తాండాయో నువ్వే సెప్పు."

నేనేం చెప్తాను! ఖర్చు సగానికి తగ్గిస్తానని మాటిచ్చి బయటపడ్డాను.

అంతవరకూ మా లాయర్ల బిల్లులు ఉత్తరాల్లా వచ్చేవి. "పై కేసులో శ్రమించినందుకు" అని ఒక ముక్క, కింద ఒక అంకె, దాని కింద సంతకం. ఎవరు ఏ రోజు ఎంత శ్రమించారో ఆ భగవంతుడికే తెలియాలి. నేను రెండు ఆదివారాలు కూర్చుని కంప్యూటర్లో ఒక ఫారం తయారు చేశాను. కేసు నంబరు, కోర్టు, తేదీ, చేసిన పని, ఫీజు. చేసిన పని అన్న గడిలో ఎవరూ కవిత్వం రాయకుండా గట్టి ఏర్పాటు చేశాను. అక్కడ నొక్కితే "హాజరు" అన్న ఒక్క మాటే దిగుతుంది. ఇంకేది కొట్టినా గడి ఎర్రబడి బిల్లు వెనక్కి పోతుంది. కోర్టుకు వెళ్తే ఫీజు, వెళ్లకపోతే లేదు. ఆ ఫారం చూసుకుని పడినంత మురిపెం మా పెద్దవాడు పుట్టినప్పుడు కూడా పడలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఫారం పని చేసింది కూడా. ఒకాయన ఒకే వాయిదాకు రెండుసార్లు బిల్లు పెట్టి దొరికిపోయాడు. ఇంకొకాయన ఒకే రోజు ఒకే గంటలో రెండు ఊళ్ల కోర్టుల్లో హాజరయ్యాడు. ఫోన్ చేస్తే, "మా గుమాస్తా పొరపాటు భాయ్," అని నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. జరగని హాజరుకు బిల్లు పెట్టినవాళ్లను ఇకమీదట కంపెనీ లాయర్ల జాబితాలోంచి తీసేస్తామని ఒక నియమం రాసి అందరికీ పంపాను. ఒక ఎర్ర పెన్ను కొన్నాను. కోర్టు సెలవుల పట్టిక పక్కన పెట్టుకుని ప్రతి తేదీనీ వేలు పెట్టి సరిచూసేవాణ్ణి. తప్పు దొరికిన రోజు రెండు ముద్దలు ఎక్కువే తినేవాణ్ణి, దాచుకోవడం ఎందుకు.

ఆ ఊపులో ఉండగా మా సీనియర్ బిల్లు వచ్చింది.

సీనియర్ అంటే, నేను నల్లకోటు వేసుకున్న కొత్తలో ఎమ్మిగనూరులో నాకు పని నేర్పినాయన. రెండేళ్లు రోజూ ఆదోని నుంచి బస్సులో వెళ్లి ఆయన దగ్గర కూర్చున్నాను. నా మొదటి వకాల్తా ఆయన పెన్నుతోనే రాశాను. పొద్దున్నే వెళ్తే ఫైలు విప్పేముందు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించి, "తిను ఫస్టు," అనేవాడు. ఒంటి మీద కోటు ఉన్నా లేకపోయినా భుజం మీద తువ్వాలు ఉండాల్సిందే. సొంత ఎద్దులు పోయి చాలా కాలమైనా, జాతరలో జరిగే పరసకు, అంటే ఎద్దుల సంతకు, మాత్రం ఏటా వెళ్లి, ప్రతి కోడె పళ్లూ చూసి వచ్చేవాడు. ఎవరైనా కక్షిదారు కాగితాల కట్ట ముందు పెడితే దాన్ని పక్కకు జరిపేసేవాడు. "కాగితం యాడికీ పోదులే. ఏం జరిగిందో నువ్వు సెప్పు," అని మొదలుపెడితే గంట గడిచిపోయేది. కాగితంలో అంతా రాసి ఉంటే ఈయనకు ఈ ముచ్చట్లు ఎందుకా అని నాకు విసుగొచ్చేది.

మా గోదాము కేసు ఆయన చేతిలోనే ఉండేది. గోదాము పక్క చేను రైతు వేసిన దావా అది. తన ఎద్దులబండికి మా స్థలంలోంచి పాతకాలం నుంచీ దారి ఉందని, అది పన్నెండు అడుగుల వెడల్పని రైతు వాదన. ఆరు మించి ఇవ్వమని మా వాదన. నేను ఈ ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఆ మిగతా ఆరడుగుల మీద వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. బిల్లు పంపిన రోజు సీనియర్ ఫోన్ చేసి, "గోదాము కేసు ఇంగ అయిపోతాదప్పా. నాలుగు దినాల్లో వచ్చి మాట్లాడతా," అన్నాడు. కేసు అయిపోతుందని అనని లాయరును నేనింతవరకూ చూడలేదు. సరే సార్ అని పెట్టేశాను.

బిల్లులో నాలుగు వరుసలున్నాయి. మూడు సరిగ్గానే ఉన్నాయి. నాలుగో తేదీ దగ్గర నా వేలు ఆగిపోయింది. అది ఎమ్మిగనూరు జాతరలో తేరు లాగిన రోజు. దానికి సెలవుల పట్టిక కూడా అక్కర్లేదు. ఆ రోజు కోర్టు తెరిచి ఉంటుందని ఆ ఊళ్లో పసిపిల్లలు కూడా అనుకోరు. అయినా ఆ వరుసలో "హాజరు" అనే ఉంది.

ఫోన్ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. చేయలేదు. ఎందుకు చేయలేదో ఇప్పుడు నిజం చెప్తాను. చేస్తే ఆయన ఏదో ఒకటి చెప్తాడు, నేను మెత్తబడిపోతాను, అప్పుడు మిగతా లాయర్లంతా గురువుకో న్యాయం మాకో న్యాయమా అని ఎత్తిపొడుస్తారు. వాళ్లకు ఆ అవకాశం ఇవ్వకూడదనుకున్నాను. అంతకంటే ముఖ్యంగా, నేనెంత నిక్కచ్చి మనిషినో అందరూ చూడాలనుకున్నాను. ఆ వరుసకు అడ్డంగా ఎర్రగీత కొట్టి, పక్కన "ఆ రోజు కోర్టు సెలవు" అని రాశాను. ఆయన పేరు జాబితాలోంచి తీసేయాలని అదే సాయంత్రం ఎం.డి.కి నోటు పెట్టాను.

ఎం.డి. సంతకం పెట్టబోయి ఆగాడు. "మీ గురువు కదప్పా?"

"అయినా రూలు రూలే సార్," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మెడ ఎంత నిటారుగా ఉందో నాకు బాగా గుర్తుంది.

ఎం.డి. సంతకం పెట్టాడు, సీనియర్‌కు ఉత్తరం వెళ్లింది. వస్తానన్నవాడు రాలేదు. ఫైళ్లన్నీ దారంతో కట్టించి, పైన పట్టీ రాయించి, గుమాస్తాతో పంపించాడు. ఒక్క కాగితం తక్కువ లేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. నాకు కొంచెం బాధ, బోలెడంత గర్వం. గోదాము కేసు కొత్త లాయరుకు అప్పగించాను. ఆ నెల ఫీజుల ఖర్చు నేను మాటిచ్చినట్టే సగానికి దిగింది. మీటింగులో అందరి ముందూ నన్ను మెచ్చుకుని, టీతో పాటు జీడిపప్పు బిస్కెట్లు కూడా పెట్టారు.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నా గది గుమ్మంలో తలగుడ్డ చుట్టుకున్న పెద్దమనిషి నిలబడ్డాడు.

"గోదాము పక్క సేను మాదేనప్పా," అన్నాడు.

మా మీద కేసు వేసిన రైతు! కోర్టులో తప్ప ఇంకెక్కడా నేనాయన్ని చూడలేదు. తత్తరపడి కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు.

"మీ పెద్ద వకీలు యాడికి పోయినాడు? మొన్న వాయిదాకు ఎవరో కొత్తాయప్ప వచ్చినాడు. మల్ల వాయిదా అడిగినాడు. మాటంతా అయిపోయినాక ఇంగ వాయిదా ఏమిటికప్పా?"

"ఏం మాట?" అన్నాను.

"తొమ్మిది అడుగుల మాట."

అప్పుడు కూర్చున్నాడు. కూర్చుని చెప్పాడు. ఆ జాతర రోజు ఆయన పరసలో ఎద్దు కొనడానికి వెళ్లాడట. మా సీనియర్ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడట. రైతు తరఫు లాయరు కూడా పక్కనే చెరుకురసం తాగుతూ ఉన్నాడట. మా వైపు ఎద్దుల బేరం నోటితో చేయరు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని అంకె చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది మూగినా ఎవరు ఎంత అడిగారో, ఎవరు ఎంత తగ్గారో బయటపడదు. సీనియర్ తన భుజం మీది తువ్వాలు తీసి, దాని కింద అడుగులు బేరం పెట్టాడు.

"మా దాయాదులంతా ఆడనే ఉండిరి," అన్నాడు రైతు. "నోటితో అయితే ఒగ అడుగు గూడా దిగుతాంటినా? సచ్చినా దిగను. టవల కింద కాబట్టి దిగితి. ఆయప్ప ఆరు నుంచి ఎక్కె, నేను పన్నెండు నుంచి దిగితి, తొమ్మిది దగ్గర నిలిసె. కంపెనీని ఒప్పిచ్చే పూచీ నాది అని సెప్పినాడు. ఏం కొంటాండారని జనం అడిగిరి. ఎద్దు కుదరల్యా అని ఆయప్పే సెప్పినాడు. పొద్దన్నుంచి ఎండలో నిలబడినాడప్పా. తేరు గూడా సూడల్యా."

ఆ నాలుగో వరుస గుర్తొచ్చింది. ఆ బిల్లులో ఆయన గుమాస్తా ఇంకేం పెట్టగలడు? నేను చేసిన గడిలో "హాజరు" తప్ప వేరే మాట దిగదు కదా. కోర్టుకు వెళ్లి వాయిదా అడిగి వెనక్కి వస్తే నా ఫారం డబ్బులిస్తుంది. ఇక వాయిదాలే లేకుండా చేసే పనికి అందులో చోటే లేదు. ఖర్చు తగ్గించడానికి పెట్టిన మనిషిని నేను, ఖర్చు ఆగిపోయే ఒకే ఒక్క వరుసను ఎర్రపెన్నుతో కొట్టేశాను.

ఆ సాయంత్రమే రెండో నోటు రాశాను. తొమ్మిది అడుగుల ఒప్పందం సంగతి చెప్పి, మొదటి నోటు తప్పని, ఆ తప్పు నాదేనని రాశాను. ఎం.డి. చదివి కళ్లజోడు తీశాడు.

"అంటే, కేసు ముగించేటాయప్పను తీసేసి, వాయిదా అడిగేటాయప్పను పెట్టుకుంటిమా?"

"అవును సార్."

"తొమ్మిది అడుగులకు నేను సరే అంటాండా. పోయి ఆయప్పను పిలుసుకొని రా. వస్తే."

ఆ "వస్తే" నన్ను రాత్రంతా పీకుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే, జూనియర్‌గా ఉన్నప్పుడు ఎక్కినట్టే, ఎమ్మిగనూరు బస్సెక్కాను. సీనియర్ ఆఫీసులో అదే బల్ల, అదే తువ్వాలు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఉగ్గాని తెప్పించి, "తిను ఫస్టు," అన్నాడు. నేను ప్లేటు పక్కకు జరిపాను. రైతు వచ్చింది మొదలు రెండో నోటు వరకూ మొత్తం గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. తప్పయిపోయింది సార్ అన్నాను. ఫారంలో ఆ గడి తెరిచేశానని, ఎవరు ఏ పని చేస్తే ఆ పని రాసుకోవచ్చని అన్నాను.

"మీరు మళ్లీ రావాలి సార్. ఫీజు మీరే చెప్పండి. ఎంతైనా సరే."

ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు. బల్ల మీద ఉన్న నా చేతి మీద కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టాడు. నా చూపుడువేలు ఒక్కటే పట్టుకుని నొక్కాడు.

ఒకటి.

"వెయ్యా సార్?"

తల అడ్డంగా ఊపాడు.

"వందా?"

మళ్లీ అడ్డంగానే ఊపాడు.

"మరి ఒకటేమిటి సార్?"

"ఒగ మాట," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆ దినం యాడికి పోయినారు సార్ అని ఒగ మాట అడిగింటే సాలప్పా."

తిట్టి ఉంటే బాగుండేది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నలభై దాటిన మనిషిని, కంపెనీ లా ఆఫీసరును, బజ్జీల ప్లేటు ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తువ్వాలు కింద ఒకరు అంకె చెప్పాక జవాబు చెప్పాల్సింది అవతలివాళ్లే. వెతుక్కుని ఆయన వేలు ఒక్కటి పట్టుకున్నాను.

"ఆ దినం యాడికి పోయినారు సార్?"

ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. ప్లేటు నా వైపు జరిపాడు. కుర్చీలో వెనక్కి వాలి, నాకసలేమీ తెలియనట్టు మొదట్నుంచీ మొదలుపెట్టాడు.

"జాతరకు పోయింటినప్పా..."