రంగు మీద నిలబడ్డ దర్వాజ

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ పనీ మనిషికి చేతకాక చెడదు, దాని వీడియో చూడకపోవడం వల్లనే చెడుతుంది అని. ఈ నమ్మకానికి పీఠాధిపతి మా ఆయన. పగలు హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవారు. సాయంత్రం ఇంటికొచ్చి, ఫోన్లో ఎవరో తెల్లగడ్డం పెద్దమనిషి కుర్చీ చేస్తూ ఉంటే అన్నం చల్లారేదాకా చూసేవారు. పెళ్లయిన కొత్త కాబట్టి నాకది ముచ్చటగానే ఉండేది. తాగుడు లేదు, పేకాట లేదు, కర్రపని అంటే ఇష్టం, అంతే కదా అని మా అమ్మకు ఫోన్లో గర్వంగా చెప్పాను కూడా. (మా అమ్మ వర్ధన్నపేట మనిషి, తొందరపడి ఏదీ అనదు. "చూద్దాం తియ్ బిడ్డా" అని ఊరుకుంది.)

మా అత్తగారిల్లు హనుమకొండలో పాత వాడలో ఉంది. అటూ ఇటూ పక్కింటి గోడలు, వెనకాల ఇంకొకరి గోడ, మేడ మెట్లు కూడా బయటి నుంచే. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఒక్కటే దర్వాజ. మామయ్య బతికున్నప్పుడు వీధి చివర ఉండే వడ్లాయన (వడ్రంగి) చేత ముహూర్తం చూసి చౌకట్, అంటే ద్వారబంధం, నిలబెట్టించి, ఆయనకు కొత్త బట్టలు పెట్టి, పసుపు కుంకుమలతో పూజ చేయించారట. అంత వైభవంగా నిలబడ్డ దర్వాజ ఆ వానాకాలం మొదట్లో నేలకు రాసుకుంటూ మూలగడం మొదలుపెట్టింది. వడ్లాయనకు ఒక మాట చెబుదామా అన్నాను. అది నేను ఆ ఇంట్లో అడిగిన మొదటి అనవసరపు ప్రశ్న. అత్తమ్మ నన్ను జాలిగా చూసి, "వడ్లాయన ఎందుకు, నా కొడుకు చేతుల పనితనం ఉన్నది" అన్నది. కొడుకు అప్పటికే రందా ఆర్డరు పెట్టేశాడు.

రందా అంటే కర్రను చిత్రిక పట్టే పనిముట్టు. అది వచ్చిన రోజు నుంచి మా దర్వాజకు విశ్రాంతి లేదు. కింద అంచు చెక్కితే పక్క అంచు పట్టుకుంది. పక్క అంచు చెక్కితే పైన సందు పడి, పక్కింటి పిల్లి తొంగిచూసి పోయింది. మడత బందుల మరలు ఊడి వస్తే రంధ్రాల్లో అగ్గిపుల్లలు దోపి మళ్లీ బిగించారు. మళ్లీ ఊడితే అగ్గిపుల్లలు లావువి కావన్నారు. చౌకట్ పొడుగునా సన్నగా మట్టి గీత పాకితే, ఇల్లు కట్టినప్పటి సిమెంటు మరకలే అని తేల్చి పుట్టీ పూశారు. తట్టి చూస్తే డప్పులా మోగుతోందని నేనంటే, మంచి టేకు అలాగే మోగుతుందని ఒక సూత్రం చెప్పారు. ఇక రోజూ గడప దగ్గర పోగయ్యే పొడిని, మా ఆయన శ్రమఫలం అనుకుని నేనే భక్తిగా ఊడ్చి ఎత్తేదాన్ని. ఆయన రందా ముట్టని రోజుల్లో కూడా పొడి రాలుతోందని నాకు తట్టలేదు. కొత్త కోడలికి మొగుడి కష్టం ఎక్కడ చూసినా కనబడుతుంది కదా.

ఈ వైద్యమంతా వడ్లాయన చూస్తూనే ఉన్నాడు. రోజూ మా వాకిలి ముందు నుంచి పోయేటప్పుడు సైకిల్ దిగి, దర్వాజ వైపు ఒక చూపు చూసి, దగ్గి, మళ్లీ సైకిలెక్కేవాడు. నోరు తెరిచి ఒక్క ముక్క అనేవాడు కాదు. పిలవందే చెప్పకూడదని ఆయన పంతం, చెప్పందే పిలవకూడదని మా వాళ్ల పంతం. మధ్యలో నలిగింది దర్వాజ.

అలా బతుకమ్మ పండుగ వచ్చింది. పెళ్లయిన మొదటి ఏడు తల్లిగారింట్లో ఆడాను కాబట్టి, అత్తగారి వాడలో అదే నా మొదటి సద్దుల (ఆఖరి రోజు) బతుకమ్మ. మా వైపు ఆడవాళ్లకు అదెంత పెద్ద పరీక్షో వేరే చెప్పక్కర్లేదు. కోడలు రంగు ఎట్లుంది, వంట ఎట్లుంది అని ఏడాదంతా గుసగుసలాడిన వాడ, ఆ సాయంత్రం ఆమె పేర్చిన బతుకమ్మను చూసి తీర్పు చెప్పేస్తుంది. పైగా నేను నోరు ఊరుకోక, వాడలో అందరికంటే ఎత్తు బతుకమ్మ నాదే అని నీళ్ల నల్లా దగ్గర చెప్పి ఉన్నాను. నాన్న వర్ధన్నపేట నుంచి తంగేడు పంపాడు. మా ఆయన హసన్‌పర్తి చెరువు వైపు పొలాల గట్ల మీద తిరిగి గునుగు పూలు బండి మీద కట్టుకొచ్చారు. (ఇంత మంచి మనిషి చేతిలో రందా ఎవరు పెట్టారా అని ఆ రోజు నాకు నిజంగా బాధేసింది.)

ఆయన నా పండుగకు తన వంతు కానుక కూడా ఇవ్వాలనుకున్నారు. ముందురోజే పొడుగాటి మరలు తెచ్చి పై బందును బిగించి, చౌకట్‌కు నిగనిగలాడే రంగు వేశారు. సద్దుల నాడు మధ్యాహ్నం నేను ముందుగదిలో ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకు పరిచి, తంగేడు, రంగుల గునుగు, బంతి వరుసలు వరుసలుగా పేర్చి, కూర్చుంటే నా మెడ దాకా వచ్చిన బతుకమ్మను చూసి మురిసిపోతున్నాను. అప్పుడు ఆయన వచ్చి, "ఇగ చూడు, ఒక్క చేత్తో మూస్తా" అని దర్వాజను తోశారు. వానాకాలం మొదలైనప్పటి నుంచి మొదటిసారి అది పూర్తిగా మూసుకుంది. అత్తమ్మ మెటికలు విరిచి దిష్టి తీసింది. అంతలో పై బందు, కొత్త మరలతో, పుట్టీతో, అగ్గిపుల్లలతో సహా ఊడి ఆయన కాళ్ల దగ్గర పడింది. దర్వాజ బరువుగా కిందికి దిగి, గడపలో ఇరుక్కుని, ఇక కదలనని కూర్చుంది.

మేం ముగ్గురం లోపల. బతుకమ్మ లోపల. బయట వీధిలో ఒక్కొక్కరే బతుకమ్మలు పట్టుకుని కూడుతున్న చప్పుడు. కింది బందు విప్పితే తలుపు వస్తుందని మా ఆయన పనిముట్ల కోసం లేచారు. అత్తమ్మ అడ్డం నిలబడింది. అష్టమి కదా అని పొద్దున్నే ఆమె కొడుకు రందా, డ్రిల్లు, స్క్రూడ్రైవర్లు అన్నీ కడిగి, బొట్లు పెట్టి, పూలు చల్లి దేవుని ముందు పూజలో పెట్టేసిందట. దసరా దాకా ఆయుధాన్ని ముట్టకూడదు. ఆయన లెక్కల మేష్టారు కదా అత్తమ్మా, ఆయన ఆయుధం చాక్‌పీసు కాదా అని అడగబోయి, పండుగ పూట ఎందుకని మింగేశాను.

కిటికీలోంచి పిలిస్తే వాడంతా వచ్చింది. బయటి నుంచి తలుపును తన్నమంటే ఎవరూ ముందుకు రాలేదు. పసుపు రాసిన గడప, పైగా పండుగ, ఎవరు కాలెత్తుతారు? వడ్లాయన భార్యను వాడలో అందరూ చిన్నమ్మ అంటారు. ఆమె వచ్చి, వాళ్లింట్లోనూ బాడిశె, ఉలి అన్నీ పూజలోనే ఉన్నాయని, ఆయన పాలకుర్తి పోయాడని, ఎప్పుడొస్తాడో తెలియదని చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు. నల్లా దగ్గర నేను కోసిన కోతలన్నీ ఆ కిటికీ ఊచల మధ్య నుంచి నన్నే చూస్తున్నట్టనిపించింది. బతుకమ్మ ఆడకుండా ఆ రోజు గడిచిపోతే ఈ వాడలో ఇక తలెత్తలేనని, ఊచలు పట్టుకుని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను.

చిన్నమ్మ నన్ను కాదు, బతుకమ్మను చూసింది. "పసుపు గౌరమ్మను పెట్టినవా బిడ్డా?" అని అడిగింది. ఇంకా పెట్టలేదన్నాను. "అయితే అవి ఇంక పూలే. తీసియ్యి" అన్నది. అత్తమ్మ గుండె పట్టుకుంది గానీ, గౌరమ్మ కూర్చోనిదే అది బతుకమ్మ కాదన్న మాటకు ఎదురు చెప్పలేకపోయింది. అలా నేను మధ్యాహ్నమంతా పేర్చినదాన్ని నా చేతులతోనే వరుస వరుసా విప్పి, ఊచల మధ్య నుంచి గుప్పిళ్లతో అందించాను. తాంబాళం ఊచల మధ్య పట్టలేదు. చిన్నమ్మ ఇంటి నుంచి పెద్ద వెదురు సిబ్బి వచ్చింది. ఒకరు తంగేడు సర్దారు, ఒకరు తమ ఇంట్లో మిగిలిన బంతి కలిపారు, నల్లా దగ్గర నా కోతలకు మూతి తిప్పినావిడే కూర్చుని గునుగు కట్టలు కట్టింది. చివరికి నేను గౌరమ్మను అరచేతిలో పెట్టి కిటికీలోంచి ఇచ్చాను. అది నేను పేర్చినదానికంటే ఎత్తు లేచింది. నేను మాత్రం లోపలే ఉన్నాను.

పాట అందుకునే వేళకు వడ్లాయన సైకిల్ వచ్చింది. దిగాడు, దగ్గాడు. ఈసారి ముందుకొచ్చి చౌకట్‌ను వేలితో తట్టాడు.

"వదినే, ఇందుల కర్ర లేదు. అంత చెదలు తిన్నయి. మీ కొడుకు రంగు మీదనే నిలవడ్డది" అన్నాడు.

అత్తమ్మ లోపల నుంచి, పనిముట్లు ముట్టొద్దు, గడపను తన్నొద్దు, జర ఏదన్న ఉపాయం చెప్పమని బతిమాలింది.

"పనిముట్లు పూజల ఉన్నయి. నా కాలు లేదు" అన్నాడు వడ్లాయన. "ఇది నిలవెట్టిననాడు అన్న నాకు బట్టలు వెట్టిండు. నిలవెట్టినోనికి పడగొట్టే హక్కుంటది. పక్కకు జరుగుండ్రి."

ఒక్క తాపు. తలుపు ఒక్కటే కాదు, చౌకట్‌తో సహా మొత్తం ముందుగదిలోకి పడుకుంది. మట్టి దుమ్ము లేచింది. ఇన్నాళ్లూ నేను ఊడ్చింది ఎవరి శ్రమఫలమో అప్పుడు తెలిసింది. నేను పడిపోయిన దర్వాజ మీద నుంచే వట్టి కాళ్లతో పరుగెత్తి, వాళ్లు నాకోసం ఉంచిన సందులో దూరి చప్పట్లు అందుకున్నాను.

దసరా వెళ్లాక వడ్లాయన కొత్త చౌకట్ నిలబెట్టాడు. ఈసారి బట్టలు మా ఆయన పెట్టారు. ఇప్పుడా దర్వాజ వేలితో తోస్తే మూసుకుంటుంది. ఏటా బతుకమ్మను ఒక్కదాన్నే పేర్చుకుంటాను, కుదురుగా వస్తుంది, గడప దాటించి తీసుకుపోతాను. ఎవరూ కిటికీ దగ్గరికి రారు. ఒక్కోసారి గునుగు కట్ట చేతిలో పట్టుకుని ఆ ఊచల వైపు చూస్తూ ఉండిపోతాను.

మా ఆయన పూర్తిగా మారిపోయారు. మొన్న అల్మారా తలుపు కాస్త వదులైతే, చూసీ చూడగానే వడ్లాయన కోసం చెప్పులేసుకోబోయారు. ఆగండి, ఇంత దానికి ఆయనెందుకు అని నేను స్క్రూడ్రైవర్ తీసి, ఫోన్లో వీడియో పెట్టుకున్నాను. అత్తమ్మ మంచం మీద నుంచి, "నా కోడలు చేతుల పనితనం ఉన్నది" అన్నది.

మా ఆయన మెల్లగా వెళ్లి, వీధి దర్వాజను బార్లా తెరిచి, అది మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టి వచ్చి కూర్చున్నారు.