ఉత్తుత్తి కేసులో బోనెక్కిన మనిషి

దయ్యాలంటే మా ఇంట్లో అందరికన్నా గట్టిగా నవ్వేది నేనే. కంటితో చూసిందే, సాక్షులున్నదే నిజమని నా పట్టు. ఇప్పుడు చెప్పబోయేది పట్టపగలు, నిండు కోర్టు హాలులో జరిగింది. సాక్షులూ ఉన్నారు. అదే నా బాధ.

అప్పుడు మేం మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, బాబుపేట్‌లో ఉండేవాళ్లం. నాది బొగ్గు గనిలో పని. పక్కింటి ఓదెలుదీ అదే గని. ఒకరోజు వీధి నల్లా దగ్గర బిందెల వరుసలో మాటా మాటా పెరిగి నన్ను చెప్పుతో కొట్టాడు, ఆడవాళ్లందరూ చూస్తుండగా. ఒకామె ఫక్కున నవ్వింది కూడా. ఎవరో నాకు ఇప్పటికీ గుర్తే.

పెద్దమనుషులు పంచాయితీ పెడతామన్నారు. మా వాళ్లలో తప్పు ఒప్పుకునేవాడు చెప్పులు విడిచి, భుజం మీది తువాల తీసి చేతుల్లో పట్టుకొని మాఫీ అడుగుతాడు. దాంతో సరి. నేను వద్దన్నాను. "జడ్జి ముంగట అనాలె, తప్పయిందని," అని కేసు పెట్టాను.

ఏళ్ల తరబడి వాయిదా మీద వాయిదా పడింది. ఈలోగా ఓదెలుకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. దగ్గుకుంటూ, గోడ పట్టుకొని కోర్టుకు వచ్చేవాడు. నేను ఒక్క వాయిదా తప్పలేదు. అతడి భార్య లక్ష్మి "అన్నా, ఇగ ఇడిసిపెట్టు" అని మా గడప దాకా వచ్చి అడిగింది. "ఆయన్నే చెప్పమను," అన్నాను. "కోర్టుల."

ఆ రోజుల్లోనే కోర్టుకు కొత్త హంగులు వచ్చాయి. అంతకుముందు సాక్షి ఏమన్నాడో రెండో బెంచీకి కూడా వినపడేది కాదు. సర్కారీ వకీలుగా వచ్చిన ఒక మేడమ్ పట్టుబట్టి మైకులు, స్పీకర్లు పెట్టించింది. టైపు మిషన్ పక్కన కంప్యూటర్ చేరింది. దానికి ఎప్పుడూ పసుపు గుడ్డ కప్పి ఉంచేవాళ్లు. జనానికి కోర్టంటే భయం పోవాలని, ఒక సెలవు రోజు పేటల వాళ్లను పిలిచి ఉత్తుత్తి కేసు నడిపి చూపిస్తామంది. మా పేట నుంచి టెంపో కట్టుకొని పోయాం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మరాఠీవాళ్లు. తెలుగువాళ్లం కొద్దిమందిమే.

"ఫిర్యాది ఎవరవుతారు?" అని మేడమ్ మరాఠీలో అడగ్గానే నేను లేచాను. నా భార్య చొక్కా పట్టి లాగింది. "జర ఆగుతవా? ఆటల గూడ నీదే లొల్లినా?"

నేను ఆగలేదు. మైకులో నా అసలు కేసే చెప్పాను. ఓదెలు పేరొక్కటి చెప్పలేదు.

నిందితుడి బోనెక్కడానికి మాత్రం ఎవరూ రాలేదు. "ఉత్తుత్తికి ఎక్కినా అత్తగారింట్ల చాయ్ బందయితది," అని మావాడొకడు అంటే నవ్వాం.

అప్పుడు పక్క తలుపులోంచి ఓదెలు వచ్చాడు.

తిన్నగా వచ్చి బోనెక్కాడు. కాళ్లకు చెప్పుల్లేవు. దగ్గు లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. తువాల తీసి చేతుల్లో పట్టుకున్నాడు. ఏదో అన్నాడు కానీ వినపడలేదు. మైకులు చూసే గుమాస్తా లేచి వచ్చి, మైకును అతడి నోటి దగ్గరికి వంచి, శబ్దం పెంచాడు.

ఈసారి హాలంతా వినపడింది. "తప్పయింది బావా. నలుగుర్ల కొట్టిన, నలుగుర్ల అడుగుతున్న. మాఫ్ చెయ్యి."

ఇన్నేళ్లూ ఆ మాట కోసమే తిరిగాను. తీరా వింటే ఒళ్లు మండింది. రికార్డుకెక్కని రోజు చూసుకొని, ఆటలో అనేసి తప్పించుకుంటున్నాడనిపించింది.

"ఇది చెల్లదు," అన్నాను నా మైకులో. "వాయిదా నాడు రా. జడ్జి ముంగట అను."

అతడు తువాల మళ్లీ భుజాన వేసుకోలేదు. చేతుల్లోనే పట్టుకొని దిగి, వచ్చిన తలుపులోంచే పోయాడు. జనం అదంతా ఆటే అనుకొని చప్పట్లు కొట్టారు.

తిరుగు టెంపోలో అతడు లేడు. మా గల్లీ మలుపు తిరిగేసరికి ఓదెలు ఇంటి ముందు జనం. రాత్రి మాకెవరికీ తెలియకుండానే సర్కారు దవాఖానాకు తీసుకుపోయారట, పొద్దున్నే అక్కడ ప్రాణం పోయిందట. మేం బయలుదేరాక కబురు వచ్చిందట. మేం చేరేసరికి శవాన్ని అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు.

ముందు జనం నిలబడి ఉండడంతో, వెనకున్న మా పేటవాళ్లకులాగే నా భార్యకూ బోనులో ముఖం కనపడలేదు. గొంతు మాత్రం విన్నది. "ఆ గొంతు ఆయనదే," అంది ఇంట్లోకి వచ్చాక. "లక్ష్మికి చెప్పకు."

పోలిక ఉన్న వేరే మనిషై ఉంటాడని, తర్వాత మేడమ్ దగ్గరికి పోయాను. నేను నోరు తెరవకముందే ఆమే అడిగింది, ఆ రోజు అంత బాగా చేసిన తెలుగు మనిషి ఎవరని. గుమాస్తాకు మైకు వంచడం గుర్తుంది. ముఖం గుర్తులేదన్నాడు. నిందితుడు చనిపోయాడని నా కేసు మూసేశారు.

దినాలు అయ్యాక ఒకరోజు లక్ష్మి నన్ను ఆపింది.

"ఆఖరికి ఒక్కటే అడిగేటోడు అన్నా. 'నేను పోయి అడిగితె మాఫ్ చేస్తడా' అని. చేస్తడనే చెప్పిన. చేస్తుంటివి గదా?"

"చేస్తుంటి," అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకొని తల ఊపింది.

బోనులో నిలబడింది ఎవరో నేను ఇప్పటికీ చెప్పలేను. నా కళ్లు మోసపోయాయనుకుందామన్నా, హాలంతా విన్న గొంతును ఏమనాలో తెలియదు. ఆ తర్వాత లక్ష్మి ఎదురైనప్పుడల్లా "అన్నా, మంచిగున్నవా" అని పలకరించేది. నేను తల దించుకొని పోయేవాణ్ణి. నాకు ఇంకా కోపం పోలేదని ఆమె అనుకునేదట.